ఎడమచేతి సాక్ష్యం

కియామత్ నాడు కొండలన్నీ ఏకిన ఉన్నిలా ఎగిరిపోతాయని హజ్రత్ చెప్పిన శుక్రవారం, ప్రొద్దుటూరు పేటలోని ఆ చిన్న మసీదులో కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి మౌలాలి వైపు చూశారు. చూడరా మరి! ఏకడం అంటే ఏమిటో చేతులారా తెలిసినవాడు, చివరి వరసలో గోడకానుకుని కూర్చున్న దూదేకుల మౌలాలి ఒక్కడేనాయె. హజ్రత్ కూడా నవ్వాడు. వయసులో చిన్నవాడు, మైదుకూరు వైపు మనిషి. దూదేకులవాళ్లకు ఉర్దూ అంతంత మాత్రమేనని తెలిసి, నమాజుకు ముందు చెప్పే నాలుగు మంచి మాటలు తెలుగులోనే చెప్తాడు. లోకం ముగిసిపోయే ఆ రోజు ఎట్లా ఉంటుందో మనకెవరికీ తెలియదు గానీ, కొండల సంగతి మటుకు మౌలాలి చాచా చేతులకు తెలుసు అన్నాడు.

ఆ మాటతో మౌలాలికి వారం రోజులు కాళ్లు నేల మీద ఆనలేదు. దేవుడంతటివాడు కొండల్ని ఏం చేస్తాడో చెప్పాల్సి వస్తే కమ్మరి పనీ వడ్రంగి పనీ తలుచుకోలేదు, మా పని తలుచుకున్నాడు చూడండని టీ బంకు దగ్గర కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు. పాపం, చెప్పుకోనివ్వండి. అప్పటికి ఆ పనికి విలువెక్కడుంది? ఊళ్లోకి స్పాంజి పరుపులొచ్చాయి. ఒక పక్క పాత దూది వేస్తే ఇంకో పక్క ఏకిన దూది కక్కే కరెంటు మిషన్లొచ్చాయి. అరవై దాటిన మౌలాలి దూది ఏకే విల్లును అంగడి గోడకు తగిలించేసి, దిండ్లకు కుట్లు వేసుకుంటూ కాలం గడుపుతున్నాడు.

మధ్యాహ్నం అన్నం తిని అంగట్లోనే దూది మూట మీద నడుం వాలుస్తాడు. ఆ వారం అతనికో కల వచ్చింది. అబ్బ, ఏం కల! గండికోట కొండలకు ఎదురుగా పెన్న ఇసుకలో తాను నిలబడి ఉన్నాడు. చేతిలో విల్లు, దాని ఒక కొన ఇక్కడుంటే రెండో కొన ఎక్కడో జమ్మలమడుగు అవతల ఉంది. కొయ్యగుండుతో నారి మీద ఒక్క దెబ్బ వేశాడు. ధుమ్మంది. ఎర్రటి కొండ ఒకటి ఉలిక్కిపడి లేచింది. ఇంకో దెబ్బకు దాని లోపలి గడ్డలు విడిపోయాయి, ఎరుపు పోయి తెలుపు తేలింది. మెల్లగా, ఏ బరువూ లేకుండా, కొండ నది మీదుగా తేలుకుంటూ పోయింది. మౌలాలి నవ్వుకుంటూ లేచాడు. భార్య షరీఫాకు చెప్తే, కలలో కూడా కూలి లేని పనేనా నీకు అని మూతి తిప్పింది.

ఆ సంతోషం సరిగ్గా మళ్లీ శుక్రవారం దాకా నిలిచింది. ఆ శుక్రవారం హజ్రత్ అదే రోజు గురించి ఇంకో ముచ్చట ఎత్తుకున్నాడు. ఆ రోజు మనిషి నోటికి సీలు పడుతుందన్నాడు, పోలింగు అయిపోయాక పెట్టె మూతికి లక్క సీలు వేస్తారే, అట్లా. ఆపైన నోరు అబద్ధమాడేందుకు ఉండదు. చేతులు మాట్లాడతాయి. కాళ్లు సాక్ష్యం చెప్తాయి. ఏ చెయ్యి ఏ పని చేసిందో ఆ చెయ్యే దేవుడి ముందు ఒప్పుకుంటుంది.

ఈసారి ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే, మోకాలి మీద బోర్లా పెట్టుకున్న తన ఎడమచేతిని మౌలాలి కొత్త మనిషిని చూసినట్టు చూడడం వాళ్ల కంట పడేది.

పద్నాలుగేళ్ల కిందటి మాట అది. జమ్మలమడుగు అవతల తాటిదిన్నె అని ఒక ఊరు. ఆ ఊళ్లో రెండు వర్గాలు. పేర్లు మనకెందుకు? ఏ ఊళ్లో చూసినా ఆ రెండే. ఎన్నికకొక జెండా మారుస్తారు గానీ పగ మాత్రం మార్చరు. ఆ ఊరి బడిపంతులు రామం ఇంట్లో కూతురు పురిటికి వచ్చింది, పరుపు కుట్టాలని మౌలాలిని పిలిపించారు. రెండు రోజులు వసారాలో కూర్చుని దూది ఏకాడు. మూడో రోజు ఆ ఊళ్లో పోలింగు. ఆ రోజు పని పెట్టుకోవద్దని షరీఫా చెప్పనే చెప్పింది. తనకు ఆ ఊళ్లో ఓటే లేదు, వాళ్ల గొడవ తననేం చేస్తుందిలే అనుకున్నాడు. పంతులు ఎలక్షన్ డ్యూటీకి వేరే ఊరికి పోయాడు. ఆయన భార్య మీనాక్షమ్మ కూతురితో లోపల తలుపు గడియ వేసుకుని ఉంది. వసారాలో మౌలాలీ, అతని ఎత్తున పెరిగిన తెల్లటి దూది కుప్పా, అంతే.

పదకొండు గంటలప్పుడు బడి వైపు నుంచి కేకలు లేచాయి. కాసేపటికి దేవపాలు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చర్చి మిషన్ వాళ్ల మనిషి, కూలి చేసుకుని బతికేవాడు. పోలింగు బూతులో ఏజెంటుగా కూర్చోవడానికి ఒక వర్గంలో పెద్దవాళ్లెవరికీ ధైర్యం చాలక ఇతన్ని కూర్చోబెట్టారు. లేచి పొమ్మని రెండో వర్గంవాళ్లు అంటే, మాట ఇచ్చినాను, లెయ్యను అన్నాడట. మొండి మనిషి. ఇప్పుడు ఒక చెప్పు లేకుండా వసారా మెట్టు మీద నిలబడి మౌలాలి కళ్లలోకి చూశాడు. మౌలాలి దూది కుప్ప అంచు రెండు చేతులా ఎత్తాడు. దేవపాలు లోపలికి దూరాడు. పైన దూది కప్పేసి మౌలాలి మళ్లీ నారి మీద దెబ్బ వేశాడు. ఇంతవరకూ అతను చేసింది మంచి పనే. ఈ మాట అతను తర్వాత తనకు తాను కొన్ని వేలసార్లు చెప్పుకున్నాడు.

అయిదుగురు వచ్చారు, వేటకొడవళ్లతో. ఎవడన్నా వచ్చినాడా అని అడిగారు.

"ఎవురూ రాల్యాదన్నా," అన్నాడు మౌలాలి.

గొంతు వణకలేదు కూడా. విల్లు ధుమ్ ధుమ్ అంటూనే ఉంది. వాళ్లు నమ్మారు. నలుగురు మెట్టు దిగారు. అప్పుడు కుప్పలోంచి, లోపలి మనిషి ముక్కు ఉన్న చోట, ఒక దూదిపింజ పైకి లేచింది. దిగింది. మళ్లీ లేచింది.

ఏకేవాడి ఎడమచెయ్యి ఊరికే ఉండే చెయ్యి కాదు. విల్లు పైన దూలానికి తాడుతో వేలాడుతుంది కాబట్టి, ఆ చెయ్యి విల్లును మధ్య మధ్య వదిలి, గాలికి లేచిన దూదిని అదిమి కుప్పలోకి తెస్తుంటుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని. మౌలాలి ఎడమచెయ్యి విల్లు వదిలింది. పోయి ఆ పింజను మెల్లగా అదిమింది. అయిదోవాడు అప్పటికింకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. వాడు పింజను చూడలేదు, నారి దెబ్బ తగలని చోటికి పోయిన చేతిని చూశాడు.

తర్వాత జరిగింది చెప్పనక్కర్లేదు. కుప్ప తెల్లగా ఉండడం మానేసింది, అంతే.

నోటితో తాను చెప్పలేదు. ఈ ఒక్క మాట పట్టుకుని మౌలాలి పద్నాలుగేళ్లు బతికాడు. ఏడాది తర్వాత జమ్మలమడుగు కోర్టులో చంపడానికి ఎవరొచ్చారని వకీలు నిలబెట్టి అడిగినప్పుడు కూడా ఆ నోరు "ఎవురూ రాల్యాదు" అనే చెప్పింది. మొదటిసారి ఆ మాట ఒక మనిషిని కాపాడడానికి అన్నాడు. రెండోసారి తన మెడ కాపాడుకోవడానికి అన్నాడు. మాట మటుకు అదే. దేవపాలు భార్య జ్ఞానమ్మ కోర్టు హాల్లో గోడ పక్కన కూర్చుని ఉంది. శాపనార్థాలు పెట్టలేదు, మట్టి ఎత్తి పోయలేదు. అతని నోటి వైపు రెప్ప వేయకుండా చూసింది. కేసు కొట్టేశారు. ఆ తర్వాత మౌలాలి పెన్న దాటి ఆ దిక్కుకు పోలేదు.

ఇప్పుడు హజ్రత్, నోటిని పక్కన పెట్టి, చేతిని పిలిచాడు. ఆ చెయ్యి ఏం చెప్తుందో మౌలాలికి నిజంగా తెలియదు. అలవాటు కొద్దీ పోయిందా? ఆ ఊపిరి వాళ్ల కంట పడకూడదని, దాచడానికి పోయిందా? లేక కడుపులో ఉన్న భయం నోటిదాకా రాలేక చేతిలోకి దిగి, వాడు ఇక్కడున్నాడు, నన్నొదిలెయ్యండి అని చూపించిందా? కడుపులో భయం ఉన్న మాట నిజం. అది చేతిలోకి పోయిందా లేదా అన్నదే, ఎంత తవ్వుకున్నా, చిక్కడం లేదు.

కల మారిపోయింది. మళ్లీ అదే పెన్న ఇసుక, కానీ విల్లు తన చేతిలో లేదు. ఎవరో కనబడనివాళ్లు ఎక్కడో నారి కొడుతున్నారు. ధుమ్మన్నప్పుడల్లా ఒక కొండ లేస్తోంది. సూర్యుడు వేపచెట్టు కొమ్మంత ఎత్తుకు దిగి వచ్చాడు. ఇసుక నిండా జనం. ప్రొద్దుటూరు వాళ్లు, జమ్మలమడుగు వాళ్లు, పులివెందుల వాళ్లు. రెండు వర్గాల పెద్దలూ ఉన్నారు, జీపుల్లేవు, వెనక మనుషుల్లేరు, ఒంటి మీద బట్ట లేదు, ఒకరినొకరు చూసుకోవడం కూడా లేదు. ఎవరి చెమటలో వాళ్లు మునిగి నిలబడి ఉన్నారు. మౌలాలి నోటి నిండా దూది. ఎవరో పేరు పిలుస్తారు. అతని ఎడమచెయ్యి తనంతట తాను ముందుకు లేస్తుంది. గొంతు సవరించుకుంటుంది. అంతలో మెలకువ వస్తుంది. రోజూ అంతే. చెయ్యి నోరు విప్పే ముందే మెలకువ వస్తుంది.

ఒకరోజు పొద్దు వాలేటప్పటి అసర్ నమాజు అయ్యాక అందరూ పోయేదాకా ఆగి హజ్రత్ దగ్గర కూర్చున్నాడు. పేర్లు చెప్పకుండా అడిగాడు, ఒకడు ఇంకొకడికి అన్యాయం చేస్తే దేవుడు మాఫ్ చేస్తాడా అని. దేవుడి పట్ల చేసిన తప్పు దేవుడు మాఫ్ చేస్తాడు గానీ, మనిషికి చేసింది ఆ మనిషే మాఫ్ చేయాలన్నాడు హజ్రత్. ఆ మనిషి చచ్చిపోయి ఉంటే? ఇంటివాళ్ల దగ్గరికి పోయి అడగాలి, చచ్చిపోయినవాడి కోసం దువా చేయాలి. ఇక్కడ అడగకపోతే అక్కడ వాడే వచ్చి పట్టుకుంటాడు. అక్కడ ఒకరికొకరు అక్కరకు రారు చాచా, ఆ రోజు తల్లి బిడ్డను చూసి పారిపోతుంది, మొగుణ్ణి చూసి పెళ్లాం తప్పుకుంటుంది, ఎవరి గోడు వాళ్లదే అన్నాడు. కుర్రవాడు, భయపెట్టాలని అనలేదు. తెలిసింది చెప్పాడు, అంతే.

ఆ సాయంత్రం మౌలాలి షరీఫాకు మొదటిసారిగా అంతా చెప్పాడు. పక్కన పడుకున్న మనిషికే పద్నాలుగేళ్లు చెప్పని సంగతి. షరీఫా చివరిదాకా వింది. తర్వాత, ఆ జ్ఞానమ్మ ఇప్పుడు పులివెందులలో ఉందని, మిషన్ బడిలో ఆయాగా చేసిందని చెప్పింది. నీకెట్లా తెలుసని అడిగాడు. కోర్టు నుంచి వచ్చిన రోజు నుంచీ నువ్వు ఎడమచేతి మీద తల పెట్టుకుని పడుకోవడం మానేసినావు, ఏదో ఉందని అప్పుడే తెలుసుకున్నా, ఆమె ఎక్కడుందో కూడా కనుక్కున్నా అంది. ఎంతటి మనిషి చూడండి! మొగుణ్ణి చూసి పెళ్లాం తప్పుకుంటుందన్న మాట కూడా చెప్తే మటుకు, అప్పుడన్నా నీ పీడ వదులుతుంది లెమ్మని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఎండలు మండుతున్నాయి, రంజాన్ పోనీ, పండగ అయ్యాక ఇద్దరం పోయి అడుగుదాం అంది.

రంజాన్ సగం కూడా కాలేదు. ఒక మధ్యాహ్నం మౌలాలి అంగట్లో నిద్ర లేచి షరీఫాను పిలవబోతే నోరు కదల్లేదు. కుడిచెయ్యి పక్కన పడి ఉంది, తనది కానట్టుంది. కుడికాలూ అంతే. మూతి ఒక పక్కకు లాగేసింది. ఎడమచెయ్యి ఒక్కటే లేచింది.

ఓహో, వచ్చేసింది అనుకున్నాడు మౌలాలి. సీలు పడిపోయింది, ఇక చెయ్యి మాట్లాడాలి. కళ్లు మూసుకుని, కియామత్ నాడు ఊదే బూర కోసం చెవులు రిక్కించాడు. బజారులో ఆటో హారను మోగింది. కళ్లు తెరిస్తే షరీఫా మీదికి వంగి రెండు చెంపలూ పట్టుకుని తన పేరు పిలుస్తోంది. తనను గుర్తుపట్టింది. గుర్తుపట్టిందంటే ఇది ఆ రోజు కాదు. ఇంకా టైముంది! మౌలాలికి అంత కష్టంలోనూ ప్రాణం లేచి వచ్చినట్టయింది.

ఆస్పత్రిలో పది రోజులుంచి పంపారు. కర్ర పట్టుకుని, ఒకరు ఆనిస్తే నాలుగు అడుగులు వేయగలుగుతున్నాడు. మాట రాదన్నారు. షరీఫా తల కొట్టుకుంది, పండగ దాకా ఆగమన్న నా నోరు పడిపోవాల్సింది గానీ నీది పడిపోయిందే అని. ఇక ఒక్కరోజు ఆగలేదు. పులివెందులలో ఎవరో వాతానికి నూనె ఇస్తారని చుట్టుపక్కలవాళ్లకు చెప్పి మొగుణ్ణి బస్సెక్కించింది.

ముద్దనూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా కొండలు. ఎండకు వాటి అంచులు ఆవిరి లాగా కదులుతున్నాయి. మౌలాలి కిటికీలోంచి వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఇవాళ్టికి గట్టిగానే ఉన్నాయి అనుకున్నాడు.

చర్చి వెనక వరసగా కట్టిన గదుల్లో చివరిది జ్ఞానమ్మది. జుట్టు నెరిసింది, మనిషి మాత్రం నిటారుగా ఉంది. గుమ్మంలో నిలబడినవాడి మూతి వంకర పోయి ఉన్నా, ఆ నోటిని ఆమె ఒక్క చూపులో గుర్తుపట్టింది. లోపలికి పిలిచి, మౌలాలిని మంచం మీద కూర్చోమంది. షరీఫాకు చెంబుతో నీళ్లిచ్చింది. రోజా ఉపవాసమని చెంబు పక్కన పెట్టి, ఆగలేక షరీఫా మొదలుపెట్టింది, ఆ దినం మా ఆయన అని.

"నువ్వు చెప్పాకమ్మా," అంది జ్ఞానమ్మ. "నువ్వు ఆడ ల్యావు. ఆయప్పనే చెప్పనీ."

మాట పడిపోయిందక్కా, ఎట్లా చెప్తాడు అంది షరీఫా.

"ఈయప్ప నోటి మాట కోర్టులో విన్యా. ఆ నోరు నాకొద్దు."

అని ఆమె మంచం తలాపి వైపు వంగి దిండు తీసింది. రంగు వెలిసిన గలేబు, పాత దిండు. మౌలాలి పక్కన పెట్టి, ఇది ఏ దూదో తెలుసునా అని అడిగింది. తగలబెట్టమని పంతులు భార్య ఇచ్చేస్తే, తానే చీరలో మూట కట్టుకుని తెచ్చుకున్నానంది. పెన్నలో ఉతికి, ఇసుకలో ఆరబెట్టి, ఈ దిండు కుట్టుకున్నానంది. పద్నాలుగేళ్లుగా దాని మీదే పడుకుంటున్నానంది. ఇవన్నీ ఆమె బియ్యం ఏరుతూ చెప్పినట్టు చెప్పింది. షరీఫా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మౌలాలి ఎడమచెయ్యి దిండు మీద పడింది. గడ్డలు. ఒక్కో చోట రాయిలాగా గట్టిపడిపోయింది. తల పెడితే మెడ పట్టేస్తుంది, ఈమె ఎట్లా పడుకుంటోంది? ఇంత బాధలోనూ అతనికి ముందుగా తట్టింది అదే. పనివాడి బుద్ధి ఎక్కడికి పోతుంది! చేత్తో సైగ చేశాడు, విప్పమని. జ్ఞానమ్మ కాసేపు చూసి, కత్తెర తెచ్చి కుట్టు విప్పింది. దూది మంచం మీద కుప్ప పోసింది.

విల్లు లేదు. కుడిచెయ్యి లేదు. ఉన్న అయిదు వేళ్లతో మౌలాలి గడ్డలు విడదీయడం మొదలుపెట్టాడు. ఒక గడ్డ తీసుకోవడం, ఒడిలో పెట్టుకుని వేళ్లతో లాగడం, లాగినదాన్ని విదిలించడం. గది చల్లగా ఉంది. చర్చిలో ఎవరో హార్మోనియం పెట్టె నేర్చుకుంటూ ఒకే స్వరం నొక్కుతున్నారు. పసుపురంగు తిరిగిన దూది కొంచెం కొంచెంగా విచ్చుకుంది. కుప్ప పెరిగింది. ఎంతసేపు గడిచిందో ఎవరికీ తెలియలేదు. జ్ఞానమ్మ మంచం పక్కన కింద కూర్చుని, మోచేతులు పట్టె మీద ఆనించి, ఆ చేతినే చూస్తోంది. ఆమె మొహం కుప్పకు దగ్గరగా ఉంది. ఆమె ఊపిరికి ఒక పింజ లేచింది. దిగింది. మళ్లీ లేచింది.

మౌలాలి చెయ్యి పోయి దాన్ని మెల్లగా అదిమింది.

అదిమాక తెలిసింది అతనికి, ఏం చేశాడో. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తలెత్తితే జ్ఞానమ్మ కళ్లు అతని కళ్లలో ఉన్నాయి. అతని గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, మాట కాదు. కన్నీళ్లు గడ్డంలోకి జారాయి.

"ఇట్లనేనా?" అంది ఆమె.

అవునని తల ఊపాడు.

"ఇది చూసే కనుక్కున్యారా వాళ్లు?"

అవునన్నాడు.

జ్ఞానమ్మ చాలాసేపు ఆ చేతిని చూసింది. చర్చిలో స్వరం ఆగి మళ్లీ మొదలైంది. "దాయబోయినావా," అంది, "చూపబోయినావా?"

దాయబోయినానని ఒక్కసారి తల ఊపితే చాలు. ఊపు, ఊపు అని షరీఫా కళ్లతోనే మొగుణ్ణి వేడుకుంది. మౌలాలి తన చేతిని చూసుకున్నాడు. నోరైతే ఎప్పుడో చెప్పేసేది. చెయ్యి మటుకు మెల్లగా వెల్లకిలా తిరిగి, ఖాళీగా తెరుచుకుంది. తెలియదు. తల కూడా అదే చెప్పింది. తెలియదు.

షరీఫా ఇక ఉండబట్టలేక జ్ఞానమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. మాఫ్ చేసినానని ఒక్క మాట అనక్కా, బూర ఊదే ఆ రోజు నీ పెనిమిటి ఈయన్ను పట్టుకుంటాడంట, ఆ రోజు ఒకరికొకరు ఉండరంట, తల్లికి బిడ్డ ఉండదంట, నేను కూడా ఈయన పక్కన ఉండనంట అని ఏడ్చింది.

"ఆ మాట నేను అనల్యానమ్మా," అంది జ్ఞానమ్మ. "కొడవలి తగిలింది నాకు కాదు. ఆయన నొప్పిని నేను మాఫ్ చేస్తే ఎట్లయితాది? ఆయన్నే అడగాల."

తర్వాత ఆమె లేచి, ఏకిన దూదిని దోసిళ్లతో తీసి గలేబులో నింపింది. ఒక్క పింజ కూడా వదల్లేదు. సూదీ దారం తెచ్చుకుని గుమ్మం వెలుతుర్లో కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. సగం కుట్టాక, తలెత్తకుండానే మాట్లాడింది.

"మా పాస్టరయ్య గూడా బూర ఊదుతారనే చెప్తాడు. మీ బూరా మా బూరా ఒకటేనో కాదో నాకు తెల్దు. ఏదో ఒక బూరకి అందరం లేస్తాం గదా. లేచినాంక నువ్వు యాడుంటే ఆడికి నేనొస్తా మౌలాలప్పా. ఇద్దరం కలిసి ఆయన్ను అడుగుదాం. నీ చెయ్యి ఏం చెప్పాల్నో అది చెప్తాది. నేను పక్కన నిలబడుకుంటా."

అట్లా ఎవరూ నిలబడరంటక్కా అంది షరీఫా, ముక్కు చీదుకుంటూ.

"నిలబడుకుంటే ఎవురు కాదంటారో చూస్తాలే," అని జ్ఞానమ్మ దారం పంటితో తెంపింది.

మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు వెనక్కి బయలుదేరారు. కిటికీ పక్క సీటు దొరికింది. ముద్దనూరు కొండలు రాకముందే మౌలాలి షరీఫా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆమె అతని ఎడమచేతిని తన ఒళ్లో పెట్టుకుని, రోడ్డు గతుకులకు ఊగుతూ కూర్చుంది.

అదే ఇసుక. అదే ఎండ. ఎక్కడో నారి మోగుతోంది, కొండలు ఒక్కొక్కటే లేచి, పసుపు తిరిగిన తెలుపులో, ఏ తొందరా లేకుండా తేలిపోతున్నాయి. జనం జనం జనం. ఎవరూ ఎవరినీ చూడడం లేదు. మౌలాలి నోటి నిండా దూది. అతని పేరు పిలిచారు. అతను భయంతో బిగుసుకుపోయాడు. అప్పుడు వినబడింది, దూరంగా, ఆ జనంలో ఒక ఆడమనిషి గొంతు. ఒక్కొక్కరినీ ఆపి అడుగుతోంది. ఎవరూ జవాబు చెప్పడం లేదు, ఆమె మటుకు అడగడం మానలేదు. తోసుకుంటూ వస్తోంది. చంకలో దిండు ఉంది.

"దూదేకుల మౌలాలప్ప యాడుండాడయ్యా? యాడుండాడు?"

పిలుద్దామంటే నోరు లేదు. బస్సులో షరీఫా ఉలిక్కిపడి చూసింది. నిద్రలో ఉన్న మొగుడి ఎడమచెయ్యి ఆమె ఒళ్లోంచి లేచింది. తలకు పైగా, బస్సు టాపుకు తగిలేటంత ఎత్తుకు లేచి, ఇక్కడున్నానని చూపిస్తూ అలాగే నిలబడింది.

షరీఫా దాన్ని కిందికి దించలేదు.